కాళహస్తి కలానికి నీళ్ళేవి?

బొమ్మలు గీసేవాళ్ళ దగ్గరికి ఎవరు మైకు పట్టుకుని పోయినా అడిగేది ఒకటే ప్రశ్న. ‘మీకు స్ఫూర్తి ఎక్కడి నుంచి వస్తుంది?’ కళాకారుడు కూడా పాపం, అలవాటైన జవాబే చెబుతాడు. దైవకృప అంటాడు, పెద్దల ఆశీస్సు అంటాడు. మరుసటి రోజు పేపర్లో ఫోటో, దాని కింద రెండు లైన్లు. అంతటితో సరి. ఆ స్ఫూర్తికి ఒక యేరు కావాలనీ, ఎండ కావాలనీ, పాలూ బెల్లమూ కావాలనీ, రాత్రంతా మేలుకొని భారతం చూసే ఊరు కావాలనీ రాసేవాళ్ళు తక్కువ. చిత్తూరు సీమలో ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు స్వర్ణముఖి ఒడ్డుకు పోవాలి.

శ్రీకాళహస్తి కలంకారీ గురించి మనందరికీ తెలుసనుకుంటాం. చీరలు చూశాం, దుపట్టాలు కొన్నాం. అది ఎట్లా తయారవుతుందో చెప్పమంటే మాత్రం చదువుకున్నవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. అందుకని కొంచెం వివరంగానే చెప్పుకుందాం.

ముందు కోరా గుడ్డను గంజి వదిలేదాకా ఉతుకుతారు. కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండకు ఆరేస్తారు. పాలలో ఉండే కొవ్వు వల్ల గుడ్డ మీద రంగు అటూ ఇటూ పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో మొదటి గీత గీస్తారు. ఆ తర్వాత కలం పడతారు. కలమంటే మన జేబులో ఉండేది కాదు. వెదురు పుల్లనో ఈత పుల్లనో మొన తేల్చి, దానికి కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది. వేలితో ఎంత నొక్కితే అంతే కిందికి దిగుతుంది. ఆ నొక్కుడు తెలియడానికే ఏళ్ళు పడుతుంది.

నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే ఆ కసిం నల్లగా తిరుగుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిస్తే నలుపు వస్తుందని మనం కాలేజీ ల్యాబులో నేర్చుకునే సంగతిని ఈ కుటుంబాలు తరాలుగా కుండలో చేసి చూపిస్తున్నాయి. ఎరుపు దారి వేరు. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు పూస్తారు. ఆరాక గుడ్డను పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ఠ లాంటి వేళ్ళూ చెక్కలూ వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. పసుపు మీద నీలం వేస్తే పచ్చ.

ఇందులో ‘పారే నీళ్ళు’ అన్న మాటను గుర్తు పెట్టుకోండి. నిలవ నీళ్ళలో ఉతికితే గుడ్డ నుంచి వదిలిన పటిక పక్కనున్న తెల్లని చోట అంటుకుంటుంది. ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎర్రమరకే. రాముడి ముఖం మీద మరక పడితే నెలల కష్టం బూడిద. పారే నీరైతే వదిలిన పటికను వదిలినట్టే తీసుకుపోతుంది. ఒక్కో గుడ్డను ఒకసారి కాదు, రంగు రంగుకీ ఉతకాలి. కాళహస్తిలో ఈ విద్య నాటుకోవడానికి గుడి ఒక కారణమైతే, గుడిని ఆనుకొని పారిన స్వర్ణముఖి రెండో కారణం. మొదటి కారణాన్ని అందరూ చెబుతారు. రెండోదాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

ఈరోజు ఆ యేటి సంగతి ఏమిటి? వానొచ్చిన నాలుగు రోజులు తప్ప నీళ్ళు పారడం కనపడదు. ఇసుకను తోడేశారు. ఊళ్ళ మురుగు దాంట్లోకే వదిలారు. ఒకప్పుడు ఏటి ఇసుకలో ఆరిన బొమ్మల గుడ్డలు ఇప్పుడు బోరు నీళ్ళ తొట్లలో మునుగుతున్నాయి. బోరు నీళ్ళలో ఉప్పు ఒక్కో చోట ఒక్కో తీరు, దాన్ని బట్టే రంగూ మారుతుంది. అదే కాళహస్తి పక్క మండలాల మీదుగా తెలుగుగంగ కాలువ పూండి జలాశయానికి పోతోంది. 1996 నుంచి కృష్ణా నీళ్ళు కండలేరు దాటి మన పొలాల పక్కనే నడిచి మద్రాసు దాహం తీరుస్తున్నాయి. దాహం తీర్చడం పుణ్యమే, కాదనం. ఆ దారిలోనే ఉన్న కలంకారీ పనివాళ్ళకు నాలుగు తొట్ల పారే నీరు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడమే మన ఖర్మ.

ఇక కథల సంగతి. కలంకారీ గుడ్డ మీద మధ్యలో ఒక పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం, బొమ్మల పక్కన తెలుగు రాతలు. 19వ శతాబ్దంలో కాళహస్తిలో గీసిన రామాయణ వస్త్రం లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దానిని చూసి దొరలు ముచ్చటపడతారు. మరి గీసినవాడికి ఆ కథ ఎట్లా అబ్బింది? పుస్తకం చదివి మాత్రమే కాదు. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి. చివరి రోజు మట్టితో పడుకున్న దుర్యోధనుణ్ణి చేస్తారు. మనిషి పక్కన నిలబడితే చీమలాగా కనిపించేంత పెద్ద బొమ్మ. కోరమీసాలు, కిరీటం, రంగులు అన్నీ ఉంటాయి. పొద్దున చేసిన ఆ బొమ్మ భీముడి గద దెబ్బకు అదే రోజు మట్టిలో కలుస్తుంది.

ఆ బొమ్మ చేసినవాణ్ణి ఎవరైనా కళాకారుడన్నారా? అకాడమీల జాబితాలో వాడికి చోటు దొరికిందా? నా లెక్కలో చిత్తూరు సీమ చిత్రకళకు అసలైన బడి ఆ భారతం మిట్టే. ద్రౌపది ఎట్లా నిలబడాలో, భీముడు గద ఎట్లా ఎత్తాలో కళ్ళారా చూసిన పిల్లవాడు రేపు కలం పట్టినా, పలమనేరు మట్టి పట్టినా, మాధవమాలలో ఉలి పట్టినా చెయ్యి తడబడదు. కాళహస్తి కలం పురాణాల దగ్గరే ఆగిపోలేదు, బుద్ధుడి కథ గీసింది, ఏసు కథ కూడా గీసింది. కథ ఎవరిదైనా దాన్ని గళ్ళు గళ్ళుగా నడిపించే నేర్పు మాత్రం ఈ మట్టిదే.

ఒక దశలో ఈ విద్య పోయేదే. గుడులు, జమీందారులు కొనడం తగ్గిపోయి పనివాళ్ళు వేరే బతుకుతెరువులు చూసుకున్నారు. కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడంతో 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య లాంటి చేయి తిరిగినవాళ్ళు అప్పటికి మిగిలి ఉండబట్టి విద్య చేతులు మారింది. ఆయన కొడుకు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గర్వపడ్డాం, ఫ్లెక్సీలు కట్టాం. కానీ శిక్షణ కేంద్రం లేకపోతే ఆ పద్మశ్రీ లేదు. ఒక్క చిన్న కేంద్రం ఒక కళను నిలబెట్టిందంటే, ఆ తర్వాత ఏలినవాళ్ళు అలాంటివి ఎన్ని పెట్టి ఉండాల్సింది? తిరుపతిలో దేవస్థానం శిల్పకళాశాలలో కలంకారీ నేర్పుతున్నారు, సంతోషం. మన సర్కారు బడుల్లో డ్రాయింగు పీరియడు మాత్రం ఇంకా కొబ్బరిచెట్టు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు దగ్గరే ఉంది. చంద్రగిరి పిల్లవాడికీ కాకినాడ పిల్లవాడికీ అదే కొబ్బరిచెట్టు!

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. గీత గీసినవాడికి పేరు, రంగు నింపిన ఆడబిడ్డకు కూలి. చాలాకాలం జరిగింది ఇదే. ద్వారక లాంటి సంస్థలు వచ్చినాక కొందరు ఆడవాళ్ళు కలం సొంతంగా పట్టారు. పట్నం షాపులో చీర మీద మాత్రం షాపు పేరే తప్ప గీసిన మనిషి పేరు ఉండదు.

ఆ షాపుల్లోనే అసలు దెబ్బ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మచిలీపట్నం, పెడన వైపు అచ్చులతో వేసే కలంకారీ వేరే విద్య, దానికి దాని గుర్తింపు ఉంది. వాళ్ళతో మనకు పేచీ లేదు, వాళ్ళూ చేతి పనివాళ్ళే. పేచీ అంతా మిల్లులో ముద్రపడి ‘కలంకారీ’ బోర్డు కింద అమ్ముడుపోయే గుడ్డతోనే. నెలలు పట్టే పనికీ నిమిషాల్లో వచ్చే అచ్చుకూ ఒకే పేరు పెడితే పనివాడు ధరలో ఎట్లా గెలుస్తాడు? భౌగోళిక గుర్తింపు కాగితం దానంతటదే షాపుకు పోయి సోదా చేయదు. చేయాల్సిన అధికారులు చేయాలి, చేయకపోతే మనం అడగాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. పదవీ విరమణ సభల్లో శాలువాలు కప్పుతాం కదా, ఆ డబ్బులో సగం పెట్టినా ఒక చిన్న కలంకారీ బొమ్మ వస్తుంది. కొనేటప్పుడు పరిశీలనగా చూడండి. ఒకే పువ్వు గుడ్డ పొడవునా వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తే అది చేతి గీత కాదు. గీసినవాళ్ళ పేరు అడిగి, బొమ్మ కింద రాయించండి. విద్యార్థి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊరి భారతంలో దుర్యోధనుణ్ణి ఎవరు చేస్తారో కనుక్కొని, పని మొదలైన దగ్గరి నుంచి గద దెబ్బ దాకా ఫోటోలు తీయండి. ఆ పని తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళవుతున్నారు.

2022లో జిల్లాలు విడగొట్టినాక కాళహస్తి తిరుపతి జిల్లా కిందికి పోయింది. బోర్డులు మార్చారు, ముద్రలు మార్చారు. కొత్త కలెక్టరేటుకు విద్యార్థి, ఉద్యోగ సంఘాలు కలిసి ఒక్క అర్జీ పెట్టాలి. పారే నీటితో కలంకారీ ఉతుకుడు రేవు కట్టండి, ఉతికిన నీళ్ళు మళ్ళీ తాగునీటిలో కలవకుండా వేరే తొట్టి పెట్టండి, ఆరేసుకోవడానికి ఒడ్డున కాస్త జాగా వదలండి. కాలువ ఆ పక్కనే పోతోంది, కావాల్సింది ఒక తూము.