గిటారు నాదసంస్కారము

వాద్యము పలుకుట వేఱు, శ్రావ్యముగా పలుకుట వేఱు. ఇటీవల మన విద్యార్థులకు విద్యుత్ గిటారుపై మక్కువ హెచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని వాద్యమును కొన్న యాఱు మాసములకే “దీని నాదము బాగుగా లేదు, ఇంతకంటె వెలగలది కావలెను” అని తల్లిదండ్రులను వేధించువారును కొందఱు గలరు. పసుపు అమ్మగా వచ్చిన సొమ్ములో విత్తనమునకు, ఎరువునకు, కూలికి పోగా మిగులున దెంతయో ధర్పల్లివారికి మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున క్రొత్త గిటారు కొనకముందు చేతనున్న గిటారును చక్కబఱచుకొనుటయే న్యాయమని మా దృఢాభిప్రాయము.

మట్టినుండి త్రవ్విన పచ్చికొమ్మును ఎవరును అట్లే అంగడికి గొనిపోరు. ఉడికింతురు, ఎండబెట్టుదురు, మెఱుగు పట్టుదురు. పంట అదియే, దానికి వెల తెచ్చునది సంస్కారము. తక్కువ వెలకు వచ్చు గిటారును ఇట్టి పచ్చికొమ్మువంటిదే.

సంస్కరింపవలెనన్న దాని తత్త్వము తెలియవలెను. 1831 లో మైకేలు ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమును మన విద్యార్థులు పాఠముగా చదువుదురు. గిటారులోని పికప్పు ఆ పాఠమునకు ప్రత్యక్షనిదర్శనము. అయస్కాంతముచుట్టును సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. దానిపై ఉక్కుతంత్రి కదలినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి వినిపించును. కనుక నాదము తంత్రి, పికప్పు, లోపలి తీగలు, ఆంప్లిఫయరు అను వీని కూడికయేగాని వెలచీటీలో నున్నది కాదు.

మొదట తంత్రులను మార్చవలెను. చెమట తగిలి త్రుప్పుపట్టిన తంత్రి ఎంత గొప్ప వాద్యమునందైనను మందముగానే పలుకును. పిదప స్వరశుద్ధిని పరీక్షింపవలెను. పండ్రెండవ మెట్టు తంత్రి పొడవులో సగముచోట నుండును. అచ్చట తంత్రిని తేలికగా తాకి మీటిన స్వరమును, మెట్టుపై నొక్కి మీటిన స్వరమును ఒకటిగా నుండవలెను. నొక్కిన స్వరము హెచ్చుగానున్న గుఱ్ఱముపై తంత్రినానించు బిళ్లను వెనుకకును, తగ్గియున్న ముందునకును జరుపవలెను. పికప్పును తంత్రులకు మిక్కిలి దగ్గఱగా నుంచిన అయస్కాంతము తంత్రిని లాగి శ్రుతిని చెఱచును. మిక్కిలి దూరముగా నుంచిన ధ్వని క్షీణించును. మెడకొననున్న గాళ్లలో పెన్సిలుముక్కు రుద్దినచో తంత్రి చిక్కుకొనక శ్రుతి నిలుచును. వీనికి ఒక మరమేకుల కత్తియు, ఓర్పును చాలును.

టంకము వేయనేర్చిన విద్యార్థులు మఱికొంత చేయవచ్చును. ధ్వనిని తగ్గించినపుడు నాదము మసకబాఱుట సామాన్యదోషము. ధ్వని బిరడాయొక్క లోనికి, వెలుపలికి తీగలు చేరు రెండు కొసలనడుమ 0.001 మైక్రోఫరాడు కెపాసిటరును, 150 కిలో ఓముల నిరోధకమును ప్రక్కప్రక్కగా కలిపినచో ఆ దోషము చాలవఱకు తొలగును. టోను బిరడాకు 0.047 మైక్రోఫరాడు ఉన్నచోట 0.022 వేసినచో, దానిని త్రిప్పినపుడు నాదము అంతగా మూసికొనిపోదు. ఇవి కొలది రూపాయల వస్తువులు. అదే కొలతగల కెపాసిటరును పేరుచూచి వందలకు కొనుట వృథావ్యయమని మా మతము. అవసరమునకు మించి పొడవైన కేబులు సయితము పైస్వరములను మ్రింగును, పొట్టిది మేలు.

ఇక గుంయ్‌మను రొద. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 మాఱులు ఊగును. ఒంటిచుట్ట పికప్పు ఆ యూపును పట్టుకొని వినిపించును. 1955 ప్రాంతమున గిబ్సను సంస్థలోని సెత్ లవరు రెండు చుట్టలను ఎదురెదురుగా కూర్చి ఈ రొదను అణచెను. ఒంటిచుట్ట గిటారు లోపలిగుంతకు రాగిరేకు అంటించి ఎర్తుతీగతో కలిపినచో రొద కొంత తగ్గునుగాని పూర్తిగా పోదు. ఇచ్చట మేము గట్టిగా హెచ్చరింపవలసిన దొకటి కలదు. రొద తగ్గునని ఆంప్లిఫయరు ప్లగ్గులోని మూడవ కడ్డీని, అనగా ఎర్తుకడ్డీని, విఱుచు దురలవాటు కొన్నియెడల కలదు. ఇనుపతంత్రులు ఆ ఎర్తుతోనే కలిసియుండును. ఆంప్లిఫయరులో లోపము కలిగినపుడు విద్యుత్తు వాదకుని వ్రేళ్లకే వచ్చును. 1972 లో వేల్సుదేశపు స్వాన్సీ నగరమున లెస్ హార్వీ అను గిటారువాదకుడు ఎర్తు సరిగాలేని మైక్రోఫోనును తాకి రంగస్థలముపైనే మరణించెను. మంచి నాదము ప్రాణముకంటె గొప్పది కాదు. గోడలోని ఎర్తును సరిచేయించుటయే మొదటి సంస్కారము.

“చౌక వాద్యము ఎంత దిద్దినను చౌకయే గదా” యని కొంద ఱనవచ్చును. అందు కొంత సత్యము లేకపోలేదు. మెలితిరిగిన మెడను కెపాసిటరు సరిచేయదు. జాఱు బిరడాలను క్రొత్త తంత్రులు నిలుపవు. అట్టి వాద్యమును విడుచుటయే మేలు. కాని దోషమెచ్చటనున్నదో పరీక్షించినవానికే ఆ నిర్ణయము చేయు నర్హత కలుగును.

తెలుగువారికి దీనికి గొప్ప దృష్టాంతము కలదు. 1969 లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాసు చేపట్టిన మాండలిను పాశ్చాత్యవాద్యము. దానికి జంటలుగా ఎనిమిది తంత్రులు. జంటతంత్రులపై గమకము నిండుగా పలుకదు. ఆయన విద్యుత్ మాండలినును గ్రహించి, జంటలు విడిచి, ఐదు ఒంటితంత్రులతో కర్ణాటకసంగీతమును పలికించెను. 1998 లో పద్మశ్రీ పురస్కారము నందెను. 2014 లో దివంగతుడయ్యెను. తనకు కావలసిన నాదమేదో ఆయన చెవి ముందుగా ఎఱిగినది. వాద్యము దాని ననుసరించినది.

విద్యార్థులారా! ముందు వినుడు, పిదప విప్పుడు, అటుపిమ్మట దిద్దుడు. అప్పటికిని చాలనిచో క్రొత్తది అడుగుడు. అప్పుడు మీ తండ్రులతో ఏమి కావలెనో, ఏల కావలెనో స్పష్టముగా చెప్పగలరు.