మోటార్ పోయింది అంటే, ఎట్ల పోయిందో చూపించమనండి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా కాకా అప్పు చేసి ఎలక్ట్రిక్ ఆటో తీసుకున్నాడు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దాకా తిప్పుతాడు. మొన్న మే నెలలో మధ్యాహ్నం పూట ఎగువ అహోబిలం ఎక్కేటప్పుడు బండి గుంజి గుంజి ఆగిపోయింది. అరగంట నీడలో పెడితే మళ్లీ నడిచింది. మరుసటి రోజు కూడా అంతే. నంద్యాలలో ఒక షాపుకు తీసుకపోతే, ల్యాప్‌టాప్ తగిలించి కోడ్ చూసి, "మోటార్ పోయింది, కంట్రోలర్ కూడా మార్చాల" అన్నారు. వాళ్లు చెప్పిన రేటుకు కాకా ఆరు నెలల కిస్తీలు కట్టుకోవచ్చు.

నేను చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్. చేసేది బోరు మోటార్ల వైండింగ్ పని. "ఇది కంప్యూటర్ బండి రా, నీకేం తెలుస్తాది" అన్నాడు కాకా. నాకూ భయమే వేసింది. కానీ విప్పి చూస్తే లోపల ఉన్నది మూడు ఫేజుల మోటారే కదా! రోజూ మన చేతుల్లో పడేదే. తేడా ఏమంటే లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, కరెంటు కంట్రోలర్ ద్వారా పోతాది, తిరిగే స్థానం చెప్పడానికి సెన్సర్ ఉంటాది. అందుకే బోరు మోటార్ మాదిరి నేరుగా సప్లై ఇచ్చి చూడకూడదు.

నేను చూసిన వరస చెప్తా. ముందు బ్యాటరీ ప్లగ్ పీకి, కాసేపు ఆగి, మీటర్‌తో వోల్టేజ్ లేదని నిర్ధారించుకున్నా. ఒక వెనక చక్రం జాకీ మీద లేపి తిప్పినా (రెండోది నేల మీదే ఉండాల, లేకుంటే మోటార్ బదులు ఆ చక్రం వెనక్కి తిరుగుతాది). మూడు ఫేజు వైర్లు కంట్రోలర్ నుంచి ఊడదీసినాక కూడా చక్రం బిగుసుకొని తిరిగితే, బేరింగు, బ్రేకు బాగుంటే, వైండింగ్‌లో షార్ట్ ఉన్నట్టే. వైర్లు తీస్తే తేలికైపోయి, తగిలిస్తే బిగుసుకుంటే తప్పు కంట్రోలర్‌ది. కాకా బండి రెండు రకాలుగానూ తేలిగ్గానే తిరిగింది. తిప్పేటప్పుడు మూడు జతల మధ్య ఏసీ వోల్టేజ్ సమానంగా వచ్చింది. కంట్రోలర్ విడిగా ఉన్నప్పుడే మెగ్గర్ పెట్టినా, బాడీకి లీకేజీ లేదు. కంట్రోలర్ తగిలి ఉండగా మెగ్గర్ పెడితే బాగున్న కంట్రోలర్‌ను మనమే కాల్చినట్టు. సెన్సర్ వైర్లు ఒక్కొక్కటీ చూసినా, చక్రం నెమ్మదిగా తిప్పితే 0 నుంచి 5 వోల్టులకు సరిగ్గా మారుతున్నాయి.

అంటే అంతా బాగుంది. కానీ ఇదంతా ఉదయం చల్లపూట చూసింది! బండి చెడేది ఎండలో, ఎత్తు మీద, నలుగురు కూర్చున్నప్పుడు. అందుకే మధ్యాహ్నం అదే దారిలో నడిపించి, ఆగిన వెంటనే ప్లగ్ పీకి, వేడి చూసే గన్‌తో మూడు ఫేజు బోల్టులు చూసినా. రెండు ఒకేలా ఉన్నాయి, మూడోది చాలా ఎక్కువ వేడి. స్లీవ్ కింద లగ్గు నల్లబడి వదులైపోయింది. మామూలు మల్టీమీటర్‌కు ఇది దొరకదు, అంత చిన్న నిరోధం అది చూపించలేదు. కొత్త లగ్గు వేసి ప్రెస్ చేసినా. ఇప్పటికీ ఆ మోటారే, ఆ కంట్రోలరే.

షాపు వాళ్లు మోసం చేసినారని నేను అనను. కోడ్ చూసి ఆగిపోయినారు. కోడ్ జ్వరం ఉందంటాది గానీ, మలేరియానా టైఫాయిడా చెప్పదు. నిజంగా మోటార్ కాలే సందర్భాలూ ఉంటాయి, అప్పుడు ఇవే పరీక్షలు ఆ సంగతి చెప్తాయి. నా గొడవ ఏమంటే, పరీక్ష చేయకుండా చెప్పే మాటకు మన తండావాళ్లు, చెంచు గూడెంవాళ్లు అప్పు తెచ్చి డబ్బు కడుతున్నారు.

ఇంకోటి మన మీదే. లోన్ మీద ఆటో ఇప్పించండి అని అర్జీలు పెడతాం. దాన్ని బాగు చేసే పని నేర్పించండి, మెగ్గర్ ఇప్పించండి అని ఎప్పుడైనా పెట్టినామా? ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడ్ వచ్చింది. మన హాస్టళ్లలో పదో తరగతి పిల్లలకు ఆ పేరైనా చెప్పినామా?

ఒక జాగ్రత్త. ఇది చదివి కార్ల మీద చెయ్యి వేయొద్దు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ఆ నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టులు ఉంటాయి. హైబ్రిడ్‌లో ఇంజన్ ఆగినంత మాత్రాన కరెంటు లేనట్టు కాదు. సర్వీస్ ప్లగ్ తీసినాక కూడా మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాల, 1000 వోల్టుల గ్లవ్స్ ఉండాల. అది శిక్షణ తీసుకున్నాకే.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు కింద పేరు పెట్టండి. మెగ్గర్ నా దగ్గర ఉంది. మిల్లీ ఓం మీటర్ కొనాల, తలా కొంత వేసుకుందాం. ఆదివారం నేర్చుకోవడానికి కాకా ఆటో ఇస్తానన్నాడు. మధ్యాహ్నం రండి, ఎండలోనే.