బండి మిస్సు కొడితే బోరు చేయించాల్సిందేనా?

సిరుగుప్ప తాలూకాలో, సిరిగేరి చుట్టుపక్కల తుంగభద్ర కాలువ కింద వరి పండించే మన తెలుగు కుటుంబాల్లో పాత పికప్ బండి ఇంటి మనిషితో సమానం. వడ్ల బస్తాలను మిల్లుకు చేర్చేది అదే, ఎరువులు తెచ్చేది అదే, అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బళ్ళారి తీసుకెళ్ళేదీ అదే. అలాంటి బండి ఒకనాడు తాళం తప్పి, ఒళ్ళంతా ఊగుతూ, లోడు లాగనని మొరాయిస్తే ఇంటిల్లిపాదికీ బెంగే. ఆపైన "ఇంజను పోయింది, బోరు చేయించాలి" అన్న మాట చెవిన పడితే కోతల డబ్బు కాస్తా దానికే కరిగిపోతుంది. అన్నిసార్లూ ఆ అవసరం ఉండదు. జబ్బు ఎక్కడుందో తేల్చుకున్నాకే మందు వేయాలి.

మన ప్రాంతంలో తిరిగే పాత పికప్‌లు ఎక్కువగా డీజిలువే. నాలుగు సిలిండర్ల మహీంద్రా బండ్లు, 2005లో మార్కెట్లోకి వచ్చిన రెండు సిలిండర్ల టాటా ఏస్ ఇందుకు ఉదాహరణలు. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కేసరికి ఆ గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ సన్నని తుంపరగా డీజిలు చిమ్మితే అదే అంటుకుంటుంది. కనుక ఒక సిలిండరు మండలేదంటే కారణాలు మూడే: డీజిలు సరిగా అందకపోవడం, గాలి సరిగా నొక్కుకోకపోవడం, లేదా డీజిలు సమయానికి పడకపోవడం.

పానా పట్టకముందే కొంత తెలుసుకోవచ్చు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే మిస్సు కొట్టి, వేడెక్కాక సర్దుకుంటోందా? అయితే హీటర్ ప్లగ్గుల మీదా, తగ్గిన కంప్రెషన్ మీదా అనుమానపడాలి. లోడు ఎక్కించాకే ఇబ్బందైతే ముందు డీజిలు ఫిల్టరు చూడాలి. సైలెన్సరు పొగా జవాబు చెబుతుంది. కళ్ళు మండించే తెల్లపొగ అంటే కాలని డీజిలు. తెల్లపొగతోపాటు రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టును అనుమానించాలి. ఇంజను వేడిగా ఉండగా మాత్రం రేడియేటరు మూత తీయకండి. నల్లపొగకు కారణం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కావచ్చు, కారుతున్న నాజిల్ కావచ్చు. వడ్ల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు.

తర్వాత డీజిలు దారి చూడాలి. పొలం దగ్గర డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిలులో నీరు చేరడం మామూలే. ఫిల్టరు అడుగున మర ఉంటే వదులు చేసి నీటిని వదిలేయండి. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా డీజిలుతోపాటు గాలీ లోపలికి పోతుంది. అప్పుడు మిస్సు ఒకే సిలిండరులో నిలవదు, ఇంజను మొత్తం ఎగుడుదిగుడుగా నడుస్తుంది. గొట్టం బాగుచేసి, హ్యాండ్ ప్రైమరుతో గాలి తీసేస్తే సరిపోతుంది.

ఇక ఏ సిలిండరు పనిచేయడం లేదో కనిపెట్టే పాత పద్ధతి. ఇంజను నిదానంగా నడుస్తుండగా, ఇంజెక్టరు దగ్గర డీజిలు పైపు నట్టును ఒక్కొక్కటే అర చుట్టు వదులు చేసి మళ్ళీ బిగించాలి. నట్టు వదులైనప్పుడు ఇంజను మరింత తడబడితే ఆ సిలిండరు బాగానే ఉన్నట్టు. ఏ మార్పూ రాకపోతే దొంగ దొరికినట్టే. రెండు సిలిండర్ల బండిలో మంచి సిలిండరు నట్టు వదులు చేస్తే ఇంజను ఆగిపోవచ్చు. అదీ జవాబే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పరీక్ష పాతకాలపు మెకానికల్ పంపు బండ్లకే. ఇంజెక్టర్ల మీద కరెంటు వైర్లుండి, అన్నిటికీ ఒకే రైలు నుంచి డీజిలు వెళ్ళే కామన్ రైల్ బండ్లలో ఆ పైపుల జోలికి పోవద్దు. వాటిలో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. పాత బండిలో కూడా కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, నట్టు మీద మందపాటి గుడ్డ వేసి అనుభవమున్న మెకానిక్కే చేయాలి. డీజిలు ధార చర్మంలోకి దూసుకుపోతే సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, కాని అది వేలు తీసేసే దాకా పోగలదు. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

దొరికిన సిలిండరు ఇంజెక్టరును పక్క సిలిండరుకు మార్చి చూడండి. రాగి వాషరు మాత్రం కొత్తది వేయాలి. మిస్సు కూడా ఇంజెక్టరుతోపాటు పక్కకు మారితే తప్పు ఇంజెక్టరుదే. పంపు షాపులో నాజిల్ పరీక్ష చేయిస్తే సరి. మిస్సు ఉన్నచోటే ఉంటే ట్యాపెట్ల సందు సరిచేయించి, ఆ తర్వాత కంప్రెషన్ కొలిపించండి. మంచి డీజిలు ఇంజనులో ఇది సాధారణంగా 25 నుంచి 30 బార్ ఉంటుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్టు కాలి ఉండవచ్చు. కుక్కరు గ్యాస్కెట్టు వదులైతే ఈల రానట్టే ఇదీ. అన్నిటిలోనూ బాగా తగ్గితే అప్పుడు బోరు మాట ఆలోచించవచ్చు.

"ఈ సీజను గడవనీ, తర్వాత చూద్దాం" అని మాత్రం నెట్టుకు రాకండి. కారే నాజిల్ డీజిలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, ఒక్కోసారి పిస్టనుకే చిల్లు పెడుతుంది. నాజిల్‌తో పోయేది అప్పుడు నిజంగానే బోరు దాకా వస్తుంది.

అమెరికాలో పెట్రోలు పికప్‌లు నడిపే మనవాళ్ళకు పని కొంత తేలిక. అక్కడ 1996 నుంచి వచ్చిన బండ్లలో కంప్యూటరే సిలిండరు సంఖ్య చెబుతుంది: పి 0301 అంటే ఒకటో సిలిండరు, పి 0302 అంటే రెండోది. ఇగ్నిషన్ కాయిల్ పక్కదానికి మార్చి, కోడు కూడా మారుతుందేమో చూస్తారు. పద్ధతి మనదే, పనిముట్టు వేరు.

షెడ్డుకు వెళ్ళినప్పుడు "బాగు చేయండి" అని వదిలేసి రాకుండా మూడు ప్రశ్నలు అడగండి: ఏ సిలిండరు? ఇంజెక్టరు మార్చి చూశారా? కంప్రెషన్ ఎంత వచ్చింది? తెలుగులో అడిగినా కన్నడంలో అడిగినా మంచి మెకానిక్ సంతోషంగా జవాబు చెబుతాడు. జవాబు రాకముందే ఇంజను విప్పడానికి ఒప్పుకోకండి.