కంప్యూటరు బాగుపడినా దక్కని దస్త్రాలు

అమలాపురం: కోనసీమలో ఇప్పుడు కంప్యూటరు లేని జిరాక్సు షాపు గాని, ధాన్యం కమీషను కొట్టు గాని కనిపించదు. మిషను ఆగిపోతే బాగుచేసే కుర్రాళ్లకూ కొదవలేదు. కాని మిషను బాగై ఇంటికి వచ్చాక, అందులో దాచుకున్నవి పోయాయని లబోదిబోమంటున్న వారు ఏ ఊళ్లో చూసినా ఉన్నారు. వారిలో ఈ విలేఖరి కూడా ఒకడు.

2022 జులైలో వచ్చిన గోదావరి వరద పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, మామిడికుదురు మండలాల లంకల్లో పడవ మీద తిరిగి తీసిన ఫొటోలు నాలుగు వందల పైచిలుకు నా కంప్యూటరులో ఉండేవి. పత్రికలో అచ్చయినవి గట్టిగా పది. కొన్నాళ్లకు మిషను తెరుచుకోక ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రానికల్లా సిద్ధం చేశారు.

"ఫార్మాట్ కొట్టేశానండి. కొత్తదానిలా పరిగెడుతుందండి, ఆయ్" అన్నాడు కుర్రాడు.

ఫొటోలేవయ్యా అంటే, "డి డ్రైవులో పెట్టుకోలేదాండి?" అని నన్నే అడిగాడు.

డెస్క్‌టాప్ మీద కళ్లెదుట కనిపించేవన్నీ సి డ్రైవులోనే ఉంటాయని, విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు తుడిచేసేది ఆ సి డ్రైవునేనని నాకు తెలిసింది ఆ రోజునే. ఆ తరువాత లంకలోని ఒక పెద్దాయన, కూలిన తన ఇంటి ఫొటో కావాలని రెండుసార్లు వచ్చారు. రెండోసారి ఆయనకు టీ ఇప్పించి పంపడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

కుర్రాడు అడగకపోవడం తప్పు. నేను చెప్పకపోవడమూ తప్పే. అయితే రోగి నోరు విప్పకపోయినా డాక్టరు అడిగి తెలుసుకుంటాడు కదా!

మామూలు హార్డు డిస్కులో చెరిపిన ఫైలు ఆ క్షణంలోనే మాయమైపోదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. దాని మీద మరొకటి రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. కనుక పొరపాటున ఏదైనా చెరిగితే, వెంటనే మిషను ఆపేసి తెలిసినవారికి చూపిస్తే దక్కే అవకాశం ఉంది. అదే డిస్కులో విండోస్ ఎక్కించి, సినిమాలు కూడా నింపాక వెళితే ఎవరూ ఏమీ చేయలేరు. ఇప్పుడు వస్తున్న ఎస్‌ఎస్‌డి డిస్కుల్లో అయితే చెరిపినది తిరిగి దొరకడం మరీ కష్టం. ఇక డిస్కు లోపల టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయరాదు. చేసినకొద్దీ పాడవుతుంది.

మన డెల్టాలో మిషన్లు చెడడానికి కారణాలు వెతకనక్కరలేదు. సముద్రపు గాలి తేమ, మిల్లుల ఊక దుమ్ము, ఎక్కువ తక్కువలయ్యే కరెంటు, వెచ్చదనానికి లోపల దూరే బల్లులు. ర్యాము తీసి కాళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెడితే సగం మిషన్లు లేచి కూర్చుంటాయని మెకానిక్కులే నవ్వుతూ చెబుతుంటారు. అంతమాత్రానికి ఫార్మాట్ దేనికి?

కాపీ ఉంచుకున్నవారూ మోసపోతున్నారు. ఒక ధాన్యం వ్యాపారి లెక్కలన్నీ రోజూ పెన్‌డ్రైవులోకి ఎక్కించేవారు. కాని ఆ పెన్‌డ్రైవు ఎప్పుడూ అదే మిషనుకు గుచ్చి ఉండేది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరసు వచ్చి రెండింటినీ ఒకేసారి పట్టుకుంది. ఇది చిన్నవారికే జరిగేది కాదు. 2017 మేలో వన్నాక్రై అనే వైరసు సుమారు 150 దేశాల్లో చెలరేగినపుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడును మైక్రోసాఫ్టు కంపెనీ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ చేస్తే మిషను నెమ్మదిస్తుందని దాన్ని ఆపించుకునేవారు ఈ సంగతి గమనించాలి.

వరద హెచ్చరిక రాగానే పాసు పుస్తకం, రేషను కార్డు పాలిథిన్ సంచిలో చుట్టి దూలానికి కట్టే అలవాటు లంక గ్రామాలవారికి ఎవరు నేర్పారు? ఇంట్లోకి నీరొస్తుందని వారికి ముందే తెలుసు. హార్డు డిస్కు కూడా ఏదో ఒకరోజు పోయేదేనని అనుకుంటే, ఒక కాపీ మిషనుకు తగిలించకుండా విడిగా, వీలైతే వేరే ఇంట్లో పెట్టుకుంటాము. ఇంటర్నెట్‌లో దాచుకోవడమూ మంచిదే. కాని దానినే నమ్ముకుంటే చాలదు. 2022 మే 24 అల్లర్ల తరువాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిపివేసినపుడు, ఇళ్లనుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సిగ్నలు కోసం వేరే ఊళ్లకు పోవలసి వచ్చింది.

పోవడం ఒక బాధ అయితే, ఇతరుల చేతిలో పడడం మరొకటి. జిరాక్సు షాపు కంప్యూటరులో డౌన్‌లోడ్స్ తెరిస్తే ఊళ్లో వారి ఆధార్ కార్డులు వరసగా కనిపిస్తాయి. ప్రింటు తీయించుకున్నవారు, అక్కడే నిలబడి తమ ఫైలు చెరిపించి మరీ కదలాలి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కాపీ కూడా ఆధార్ సంస్థ వెబ్‌సైటులో దొరుకుతుంది. చాలా పనులకు అది చాలు. రిపేరుకు ఇచ్చే మిషన్లలో ఇంటి ఆడవాళ్ల ఫొటోలుంటాయి, బ్యాంకు పాస్‌వర్డులుంటాయి. వాటి సంగతి షాపువారిని అడగడానికి మొహమాటపడుతున్నాము.

కొత్త చట్టాలు కోరనక్కరలేదు. మిషను తీసుకునేటప్పుడు "లోపలివి ఉంచాలా, తుడిచేయాలా" అని చీటీ మీద రాసి సంతకం తీసుకుంటే చాలు. మా దగ్గర ఒక కుర్రాడు ఈ మధ్య ఆ పని మొదలుపెట్టాడు. సంతకం పెట్టమంటే, ఇదేమన్నా రిజిస్ట్రారు ఆఫీసా అని కొందరు విసుక్కుంటున్నారట.