అద్దం పెట్టారు, కుళాయిలో నీళ్లూ చూడండి



బడుల్లో జరుగుతున్న ‘ముస్తాబు’ గురించి నాకు తోచింది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పార్వతీపురం మన్యం జిల్లాలో మొదలై, 2025 డిసెంబరులో రాష్ట్రమంతటికీ వచ్చిన కార్యక్రమం ఇది. బడిలో ఒక మూల అద్దం, దువ్వెన, సబ్బు, తువ్వాలు పెడతారు. పిల్లలు తల దువ్వుకుని, గోళ్లు చూసుకుని, చేతులు కడుక్కుని తరగతిలోకి వెళ్తారు. ‘ఇంట్లో తల్లి చూసుకోవాల్సిన పని, బడికెందుకు?’ అని మా వీధిలోనే కొందరు అంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల సంగతి వాళ్లకు తెలియనిది కాదు. హైదరాబాదుకో, చెన్నైకో, విశాఖకో కూలి పనులకు తల్లిదండ్రులు వలసపోతే పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరుగుతున్నారు. ఊళ్లో ఉన్న తల్లి కూడా ఊడ్పుల రోజుల్లో తెల్లారకముందే పొలానికి పోతుంది. ఆ పిల్లకు జడ వేసేదెవరు? మా దగ్గరి బడిలో ఐదో తరగతి పిల్ల ఒకతి రెండో తరగతి పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా చిక్కు తీసి, రిబ్బను మడిచి జడ వేస్తుంటే చూశాను. చిన్నది అద్దం మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి ప్రేయర్లో ముందు వరసకు వెళ్లి నిలబడింది. నన్నెవరో పట్టించుకుంటున్నారని పిల్లలకు రోజూ తెలిసేది ఇలాంటి పనుల్లోనే. అందుకే ఈ కార్యక్రమం నిలబడాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే నిలబడాలంటే నీళ్లుండాలి. అదే బడిలో సబ్బును వల సంచిలో వేసి కుళాయికి కట్టారు ఆయా. సబ్బు జారిపోదు, ఎవరూ పట్టుకుపోరు, అరిగేదాకా పనికొస్తుంది. చక్కని ఏర్పాటు. కానీ కుళాయి సన్నని దారంలా కారుతోంది. అన్నం బెల్లు కొట్టగానే బడి మొత్తం ఆ ధార దగ్గరే నిలబడాలి. తన వంతు వచ్చేలోపు అన్నం అయిపోతుందేమోనని సగం మంది వేళ్లు తడిపి పరుగెత్తారు. వాళ్లకు అలవాటు లేదని ఎలా అంటాం? సబ్బు రుద్ది కనీసం ఇరవై సెకన్లు కడగాలని పాఠం చెప్పాం, ఆ ఇరవై సెకన్లు ఇచ్చామా?

2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కామెర్లు ప్రబలి పదుల సంఖ్యలో ఆడపిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరిని పోగొట్టుకున్నాం. హెపటైటిస్‌-ఎ కామెర్లు మలంతో కలుషితమైన నీళ్లు, తిండి, కడుక్కోని చేతుల ద్వారా పాకుతాయి. వందల మందికి ఒకే వంటగది, ఒకే ట్యాంకు ఉన్నచోట ఒక్కరికి వస్తే చాలు. చేతులు కడుక్కోమని పిల్లలకు చెప్పడం మన బాధ్యతే. ట్యాంకు కడిగించడం, క్లోరిన్‌ కలిపించడం, మరుగుదొడ్ల దగ్గర నీళ్లు ఉండేలా చూడడం కూడా మన బాధ్యతే. ఆ పనులు పిల్లల చేతుల్లో లేవు.

నీళ్లు తాగడం ఇంకో సంగతి. కేరళ బడుల్లో 2019లో ‘వాటర్‌ బెల్‌’ మొదలైంది. మన దగ్గరా 2024 వేసవిలో, ఒంటిపూట బడుల వేళ బెల్లు కొట్టి పిల్లల చేత నీళ్లు తాగించారు. దాన్ని ఎండాకాలానికే పరిమితం చేయకండని నా మనవి. ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు చూడని ఊరు అరుదు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడం మీద కూడా వాళ్ల అనుమానం ఉంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది, హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి. ఆ నీళ్లు గంటగంటకూ తాగే అలవాటు చిన్నప్పుడు బడిలో పడాలి.

ఇక్కడ ఆడపిల్లల కష్టం చెప్పకుండా ఉండలేను. హైస్కూలు పిల్లలు పొద్దున్న ఇంట్లో తాగిన గుక్కెడు నీళ్లతో సాయంత్రం దాకా ఉండడం నేను ఉపాధ్యాయినిగా ఉన్నన్నాళ్లూ చూశాను. బాటిలు నిండుగానే ఇంటికి తిరిగి వెళ్తుంది. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, అక్కడ గడియ ఉండదు, బకెట్లో నీళ్లు ఉండవు. నెలసరి రోజుల్లో బడి మానేయడమే మేలనుకుంటారు. అలాంటి బడిలో రోజుకు ఎన్నిసార్లు వాటర్‌ బెల్‌ కొట్టినా ఆ పిల్ల మూత తీయదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ముస్తాబును తనిఖీగా మార్చకండి. గోళ్లు పెరిగిన పిల్లవాణ్ని ప్రేయర్లో అందరి ముందూ నిలబెడితే మర్నాడు బడికి రాడు. చొక్కా ఉతుక్కోవడానికి వాడికి ఇంట్లో సబ్బుందో లేదో ముందు కనుక్కోండి. నెయిల్‌ కట్టరు పక్కకు పిలిచి ఇస్తే చాలు. ఫొటో తీసి గ్రూపులో పెట్టాలన్న తొందర పైనుంచి ఉంటే ఆ తొందరను పైవాళ్లే తగ్గించాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. అన్నం బెల్లుకు పది నిమిషాల ముందు చేతులు కడుక్కునే బెల్లు ఒకటి టైంటేబుల్లోకి రావాలి. మోటారు కాలిపోయిన రోజే బాగు చేయించుకునేందుకు హెడ్‌మాస్టరు చేతిలో కొంత సొమ్ముండాలి. మరుగుదొడ్లు కడిగే ఆయాకు నెలనెలా జీతం అందాలి. 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్‌ టీచర్‌ మీటింగులు జరుగుతున్నాయి కదా, మార్కుల మాట అయ్యాక తల్లిదండ్రులు లేచి కుళాయి తిప్పి చూడాలి, మరుగుదొడ్డి తలుపు తెరిచి చూడాలి. నీళ్లు లేకపోతే ఆ సంగతి మీటింగు పుస్తకంలో రాయించి, కింద సంతకం పెట్టి రావాలి.

– విశ్రాంత ఉపాధ్యాయిని,
రాజాం, విజయనగరం జిల్లా