పంతులమ్మ విదేశంలో, పన్ను కోత కరీంనగర్‌లో

(మా వాణిజ్య విలేకరి)

కరీంనగర్, ఆదిలాబాద్ మార్కెట్ యార్డులలో తక్‌పట్టీ చేతికి రాగానే రైతు అయినా, అడ్తిదారు అయినా ముందు చూసేది కోతలే. హమాలీ ఎంత, దడువాయి ఎంత, అడ్తి ఎంత, తరుగు ఎంత తీశారు అని వేలుపెట్టి లెక్క చూస్తారు. క్వింటాలుకు రెండు రూపాయల తేడా వస్తే గుమాస్తాను నిలబెట్టి అడుగుతారు. అదే బజారులో, విదేశంలో పాఠాలు చెబుతున్న కొడుకు పేరిటో కూతురు పేరిటో ఉన్న డిపాజిట్టు వడ్డీలో నూటికి 31 రూపాయల 20 పైసలు పోతుంటే మాత్రం అడిగేవారు లేరు.

ఈమధ్య ఒక పత్తి అడ్తిదారు తన ఫోనులో కూతురు పంపిన సందేశం చూపించారు. ఆమె 2023 జూలైలో అమెరికా వెళ్ళి అక్కడి ఒక ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతోంది. "బాపూ, వడ్డీల మళ్ళ కోసిండ్రు. బ్యాంకుకు పోయి అడుగు" అని అందులో ఉంది. వడ్డీ 3 లక్షలు, కోత 93,600 రూపాయలు. "వాపసుకు రిటర్ను వేశారా సేటూ?" అంటే ఆయన నవ్వారు. "సర్కారుకు పోయిన పైసలు వాపసొస్తయా సార్?" అన్నారు.

వస్తాయి. 2024-25లో ఆమెకు ఇండియాలో ఆ 3 లక్షల వడ్డీ తప్ప మరే ఆదాయమూ లేకపోతే, ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో 3 లక్షల వరకు పన్ను లేదు. కట్టవలసింది సున్న, కోసింది 93,600. మొత్తమంతా వాపసే. 2025-26కు ఆ హద్దు 4 లక్షలకు పెరిగింది. ఆ ఏడాది వడ్డీ 5 లక్షలనుకుంటే పన్ను, సెస్సు కలిపి 5,200. బ్యాంకు కోసేది 1,56,000. వెనక్కి రావలసింది 1,50,800. ఇది అడ్తి దుకాణం లెక్కకన్నా కష్టమైనదేమీ కాదు.

మరి ఇంత ఎక్కువగా ఎందుకు కోస్తారు? ఇక్కడ నివసించేవారికి డిపాజిట్టు వడ్డీ మీద కోత నూటికి 10. అదీ 2025 ఏప్రిల్ నుంచి వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే. పన్ను పడేంత ఆదాయం లేనివారు ఒక ప్రకటన పత్రం (పాత చట్టంలో 15జి) ఇస్తే అదీ ఉండదు. నాన్ రెసిడెంటు అయిన మరునాటి నుంచి ఈ వెసులుబాట్లన్నీ పోతాయి. ఎన్.ఆర్.ఓ. ఖాతా వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే నూటికి 30, దానిపై 4 శాతం సెస్సు. ప్రకటన పత్రం ఇచ్చే హక్కు లేదు. అక్కడ సంపాదించి పంపే జీతం ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేస్తే ఆ వడ్డీకి ఇక్కడ పన్నే లేదు. ఇండియాలో పుట్టిన ఆదాయం, అనగా ఇక్కడి కిరాయి, వెళ్ళకముందు దాచిన సొమ్ము మీద వడ్డీ వంటివి మాత్రం సాధారణంగా ఎన్.ఆర్.ఓ.లోకి వస్తాయి. ఈ రెండు ఖాతాలను వేరుగా ఉంచని ఇళ్ళలోనే నష్టం ఎక్కువ.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. అమ్మాయి విమానం ఎక్కినా ఖాతా మాత్రం మామూలు సేవింగ్స్ ఖాతాగానే ఉంటుంది. ప్రతి ఏప్రిల్‌లో తండ్రి బ్యాంకుకు వెళ్ళి కూతురి పేర 15జి మీద సంతకం పెట్టించో, తానే పెట్టేసో ఇచ్చి వస్తాడు. కోత తప్పింది కదా అని సంతోషం. అది తప్పుడు ప్రకటన. ఉద్యోగానికి విదేశం వెళ్ళినవారి మామూలు ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్పించడం విదేశీ మారకం నిబంధనల ప్రకారం తప్పనిసరి.

ఇంకొక మాట బజారులో బాగా తిరుగుతోంది. 12 లక్షల దాకా పన్ను లేదని 2025 బడ్జెట్టులో చెప్పారు కదా, మా అబ్బాయికి అదీ వర్తిస్తుందని. వర్తించదు. ఆ రిబేటు ఇక్కడ నివసించేవారికి మాత్రమే. నాన్ రెసిడెంటుకు 4 లక్షలు దాటిన దగ్గర నుంచి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

నాన్ రెసిడెంటు ఎవరన్నది తారీఖులు తేల్చే విషయం. భారత పౌరుడు ఉద్యోగం కోసం దేశం విడిచిన సంవత్సరంలో, ఏప్రిల్ నుంచి మార్చి లోపల 182 రోజులకు తక్కువ ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి నాన్ రెసిడెంటే. జూలైలో వెళ్ళినవారు ఆ లెక్కలోకి వస్తారు. నవంబరులో వెళితే రారు. అక్కడి జీతం కూడా ఆ ఏడాది ఇక్కడ చూపాలి. తిరిగి వచ్చేటప్పుడూ ఇదే చిక్కు. రెండు మూడేళ్ళు పాఠాలు చెప్పి జూన్‌లో ఇల్లు చేరినవారు ఆ ఏడాదికి మామూలు రెసిడెంటు అవుతారు. ఏప్రిల్, మే నెలల విదేశీ జీతం ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ మిగిలి ఉన్న బ్యాంకు ఖాతాను కూడా చూపాలి.

వర్తకులకు నేరుగా తగిలేది కిరాయి సంగతి. కరీంనగర్ గంజ్‌లోనో, మంచిర్యాల బజారులోనో మడిగె నెలకు 25,000 కిరాయికి తీసుకున్నారనుకోండి. యజమాని దుబాయిలో మాస్టారు. కిరాయిదారు ప్రతి నెలా ఇచ్చే కిరాయిలో 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇక్కడి యజమాని అయితే నెలకు 50,000 దాకా కోత అక్కర్లేదు. విదేశంలో ఉన్న యజమానికి ఆ హద్దు లేదు. కోయకపోతే ఆ పన్నుకు, వడ్డీకి పూచీ కిరాయిదారుదే. పైగా తన వ్యాపారపు లెక్కల్లో ఆ కిరాయి ఖర్చుగా చూపుకోవడానికి అడ్డు పడుతుంది. చాలామంది దుకాణదారులు ఈ మాట విని నోరు తెరుస్తున్నారు. యజమాని తండ్రి వచ్చి రశీదు ఇచ్చి నగదు పట్టుకుపోతున్నాడు కదా, ఆయన ఇక్కడివాడే కదా అంటారు. పన్ను శాఖ చూసేది మడిగె ఎవరి పేర ఉన్నదని. రశీదు ఎవరి చేత్తో రాశారన్నది దానికి అక్కర్లేదు.

కిరాయి ఏడాదికి 3 లక్షలు. మరమ్మతుల కింద చట్టమే 30 శాతం తగ్గిస్తుంది కనుక ఆదాయం 2,10,000. ఆ మాస్టారుకు ఇక్కడ ఇంకేమీ లేకపోతే పన్ను సున్న. కోసిన 93,600 ఆయన సొమ్మే. అయితే కిరాయిదారు కోసి, సర్కారుకు జమ చేసి, నాన్ రెసిడెంట్ల కోసం ఉన్న ప్రత్యేక త్రైమాసిక రిటర్నులో ఆయన పాన్ నంబరు సరిగా రాస్తేనే ఆ సొమ్ము ఆయన పద్దులో కనబడుతుంది. కోసిన సొమ్మును తన గల్లాపెట్టెలోనే ఉంచుకున్న కిరాయిదారు యజమానికి చేసే చేటు ఇంతంత కాదు. ప్లాటు కొనేవారికీ ఇదే హెచ్చరిక. అమ్మేవాడు నాన్ రెసిడెంటు అయితే మామూలు 1 శాతం కోత సరిపోదు. తక్కువ కోతకు అధికారి నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోమని అమ్మేవారికి చెప్పడం ఇద్దరికీ మంచిది.

ఇక అక్కడి పన్ను. గల్ఫ్‌లో పనిచేసే టీచర్లకు ఈ బెడద లేదు. ఎమిరేట్స్, సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్‌లలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఒమన్ 2025లో చట్టం చేసింది గాని అది 2028 జనవరి నుంచి, అదీ ఏడాదికి 42,000 రియాల్స్ దాటినవారికే. మాల్దీవులు 2020లో ఆదాయపు పన్ను తెచ్చినా, నెలకు 60,000 రుఫియా దాటితేనే పడేలా పెట్టారు. మన ఊళ్ళ నుంచి అక్కడి బడులకు వెళ్ళేవారి జీతాలు అంత ఉండవు.

జాగ్రత్త పడవలసింది అమెరికా దగ్గర. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 22వ అధికరణం ఉపాధ్యాయులకు, పరిశోధకులకు మినహాయింపు ఇస్తుంది. కాలం రెండేళ్ళు. ఇది విని కొందరు ఏజెంట్లు "కట్టిన పన్నంతా వాపసు తెప్పిస్తాం" అంటూ కమీషను మాట్లాడుకుంటున్నారు. రెండేళ్ళు మించి ఉంటే మినహాయింపు మొదటి రోజు నుంచే పోతుందన్న సంగతి వారు చెప్పరు. మార్పిడి వీసాపై వెళ్ళే టీచర్లలో చాలామందిది మూడేళ్ళ ఒప్పందం. వారు తెచ్చుకున్న వాపసును తర్వాత వడ్డీతో తిరిగి కట్టవలసి రావచ్చు. అలాగే మన విద్యార్థులకు ఆ ఒప్పందం ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్‌ను టీచర్లు వాడుకోకూడదు.

నిజంగా అడగదగిన వాపసు వేరే ఉంది. మార్పిడి వీసా మీద ఉన్న టీచరు మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద జీతంలో పోయే 7.65 శాతం కట్టనక్కర్లేదు. 2023 జూలైలో వెళ్ళినవారికి 2023 ఒక ఏడాది, 2024 ఒక ఏడాది. పాఠశాల పొరపాటున కోస్తే ముందు పాఠశాలనే అడగాలి. వారు ఇవ్వకపోతే 843 నంబరు ఫారంతో అమెరికా పన్ను శాఖను అడగాలి. గడువు మామూలుగా మూడేళ్ళు. మన అడ్తిదారు కూతురు ఈ సంగతి ఇంకా చూసుకోలేదు.

ఇక్కడి రిటర్ను సంగతికి వద్దాం. మామూలు గడువు జూలై 31. నాన్ రెసిడెంట్లు మొదటి నంబరు ఫారం వాడరాదు, వడ్డీ, కిరాయి ఉన్నవారికి రెండవది. గడువు లోపల వేస్తే వాపసు మీద ప్రభుత్వం ఏప్రిల్ 1 నుంచి నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీ ఇస్తుంది. ఆలస్యంగా వేస్తే, వేసిన తారీఖు నుంచే. మన బజారులో అర్ధరూపాయికి అప్పిచ్చే సేటు ఎవరూ లేరు గాని, అసలు రిటర్నే వేయనివారు సున్నకు ఇచ్చినట్లే. డిసెంబరు 31 కూడా దాటితే దారి మూసుకుపోదు. ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపి అర్జీ పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1న వచ్చిన కేంద్ర పన్నుల బోర్డు 11వ సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన అయిదేళ్ళ లోపు అర్జీ వెళ్ళాలి. 2023-24 ఆదాయానికి 2030 మార్చి 31, 2024-25 ఆదాయానికి 2031 మార్చి 31. మన్నించడం మాత్రం అధికారి చేతిలో ఉంది. కూతురు విదేశంలో ఉన్నదన్నది ఒక్కటే కారణంగా రాస్తే చాలదు.

రిటర్ను వేసినా వాపసు ఆగేది చిన్న చిన్న వాటి దగ్గరే. ఆధార్ జత చేయలేదని 2023 జూలైలో పనిచేయకుండా పోయిన పాన్ నంబర్లలో నాన్ రెసిడెంట్లవి కూడా ఉన్నాయి. వారికి జత చేయడం తప్పనిసరి కాకపోయినా, తమ హోదా పన్ను అధికారికి తెలియజేస్తేనే నంబరు తిరిగి పనిచేస్తుంది. అంతదాకా వాపసు రాదు. రిటర్నును 30 రోజుల లోపు ధ్రువీకరించాలి. ఫోను నంబరు మారి ఓటీపీ అందని వారు సంతకం చేసిన కాగితాన్ని బెంగళూరు కేంద్రానికి పంపాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. దాని మొదటి బిల్లులో గడువు దాటి రిటర్ను వేసినవారికి వాపసు లేదన్న నిబంధన ఉండేది; పార్లమెంటు సెలెక్ట్ కమిటీ కాదనడంతో తీసేశారు. మంచి పని చేశారు. అదే చేత్తో మరొకటి చేసి ఉండవలసింది. ఇక్కడి చిన్న ఆదాయం వారికి ఉన్న ప్రకటన పత్రం, విదేశంలో ఉన్న చిన్న ఆదాయం వారికి ఎందుకు ఉండరాదు? విదేశంలో ఉన్నవాడు దొరకడన్న భయం 1961లో సబబే. ఇప్పుడు పాన్ ఉంది, బ్యాంకు పంపే వివరం ఉంది, కిరాయిదారు రిటర్ను ఉంది. తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు కదా అని అధికారులు అంటారు. ఏడాదికి 3 లక్షల వడ్డీ ఉన్న పంతులమ్మ ప్రతి ఏడాదీ అర్జీ పెట్టి, లెక్కలు జోడించి, ఉత్తర్వు కోసం ఎదురుచూడాలా? ముందు మూడోవంతు కోసి, అడిగితేనే ఇస్తాం అనడం కోట్ల ఆస్తి ఉన్న ప్రవాసికి పెద్ద ఇబ్బంది కాదు, ఆడిటరు ఉంటాడు. బడి జీతం మీద బతికేవారికే దెబ్బ. మన వర్తక సంఘాలు బడ్జెట్టుకు ముందు పంపే వినతిపత్రాలలో సెస్సు, మార్కెట్ ఫీజులతో పాటు ఈ ఒక్క వాక్యం చేర్చవచ్చు. సంఘ సభ్యుల ఇళ్ళలో ఎంతమంది పిల్లలు బయట ఉన్నారో సంఘాలకే తెలుసు.

పత్తి అడ్తిదారు ఆ వారమే కూతురి 26ఎ.ఎస్. తీయించారు. బ్యాంకు కోసిన ప్రతి రూపాయీ అందులో ఉంది. ఆమె పేర ఒక మడిగె కూడా ఉంది; దాని కిరాయి మీద ఒక్క పద్దూ లేదు. కిరాయిదారు యార్డులో ఆయన పక్క దుకాణం ఖరీదుదారే. నోటీసు వస్తే ముందు అతనికే వస్తుంది. "ఇరవై ఏండ్ల దోస్తీ సార్, ఎట్ల చెప్పాలె?" అని ఆయన అడిగారు. ఇద్దరూ కలిసి ఒకే ఆడిటరు దగ్గరికి వెళ్ళమని చెప్పాను.