రాతి అరుగుకు మార్కులెన్ని?

పోయిన బుధవారం నంద్యాలలో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసుకు పనిబడి వెళ్లాను. పేరెందుకులెండి. అద్దాల తలుపు తోసి అడుగుపెట్టగానే ఎర్రగడ్డలు కోస్తున్నట్టు కళ్లు మండాయి. గొంతులో గరగర. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ, "కొత్త ఫర్నిచర్ సార్, నెల రోజుల్లో వాసన పోతుంది" అంది. ఆమె అక్కడ చేరి అప్పటికే మూడు నెలలట. ఆమె తలపైన గోడకు పచ్చటి ఆకు బొమ్మ, ఈ భవనం గ్రీన్ సర్టిఫికెట్‌కు నమోదైందని చెప్పే రేకు. ఆ ఆకు కింద అరగంట కూర్చున్నాను, రుమాలు తడిసేదాకా.

ఇంటికొచ్చి మా అన్న కూతురికి ఫోన్ చేశాను. హైదరాబాదులో ఇంటీరియర్ల పని చేస్తుంది. భవనాలకు ఈ ఆకుపచ్చ మార్కుల లెక్కలు కట్టిపెట్టడం దాని ఉద్యోగంలో ఒక భాగం. తిట్టాలనే చేశాను. "ఏమ్మా, మీ మార్కులు కళ్లు మండించేవాళ్లకేనా?" అన్నాను. ఆ ఆఫీసు దాని పని కాదు, కోపమూ రాలేదు. "చిన్నాయనా, రూలు పుస్తకం చదవకుండా కాలమ్ రాసేస్తావు, నీతో అదే చిక్కు" అని నవ్వింది.

చదివాను. నా తిట్లు దారి మార్చుకున్నది అక్కడే.

ముందు ఆ మంట సంగతి. ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, ఇవన్నీ కట్టె పొరలనో పొట్టునో జిగురుతో కలిపి నొక్కి చేసేవి. చవక రకాల్లో ఆ జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. అతికాక అది ఊరుకోదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు, కొంచెం కొంచెంగా ఆవిరి వదులుతూనే ఉంటుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. వేసవిలో 45 డిగ్రీలు చూసే నంద్యాలలో, ఆదివారం ఏసీ కట్టేసి కిటికీలు బిగించిన గదిలో ఆ బోర్డులు ఏం చేస్తాయో సోమవారం పొద్దున తలుపు తీసేవాళ్ల ముక్కుకు తెలుస్తుంది. ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మనం ఆ బోర్డుతోనే పిల్లల మంచాలు చేయిస్తున్నాం, తలవైపు కార్టూన్ బొమ్మ అంటించి.

కాబట్టి భవనానికి మార్కులేసేవాళ్లు కుర్చీలు బల్లల జోలికి రావడంలో తప్పేమీ లేదు. గోడలు ఎంత పచ్చగా కట్టినా లోపల నింపేది విషమైతే ఏం లాభం? అందుకే వాళ్లు అడుగుతారు: ఈ బల్ల గాలిలోకి ఏం వదులుతుంది, ఏ అడవి కర్ర, ఎంత దూరం నుంచి వచ్చింది, కొత్తదా పాతదా. ఇంతవరకు నాకూ తెలుసు. ఎన్నేళ్లుగానో నా అనుమానం ఏమిటంటే, ఈ ప్రశ్నలకు కంపెనీ కేటలాగు మాత్రమే జవాబు చెప్పగలదు, మన వడ్రంగి ఆచారి చెప్పలేడు, కనుక ఇదంతా పెద్ద కంపెనీల బేరమని.

నా నోరు మూయించినవి లీడ్ అని అమెరికా వాళ్లు భవనాలకు పెట్టిన ఆకుపచ్చ మార్కుల నిబంధనల నాలుగో కూర్పులో రెండు ముక్కలు. ఒకటి: రాయి, గాజు, మట్టి ఇటుక లాంటివి సహజంగానే ఏమీ వదలవు కాబట్టి, పైన రసాయన పూతలు, జిగుర్లు లేకపోతే వాటికి ఆవిరి పరీక్షే అక్కర్లేదు. రెండు: చేసి ఏడాది దాటిన పాత ఫర్నిచర్‌ను తెచ్చి మళ్లీ వాడుకుంటే, దాని మీద కొత్తగా పూసే రంగులు, జిగుర్లు నిబంధనకు లోబడితే చాలు, దానికీ పరీక్ష అక్కర్లేదు, నేరుగా పాస్. దగ్గరి సరుకు లెక్కకు అదే పుస్తకం గీసిన గీత వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. ఆ గీత లోపలే తవ్వి, చేసి, కొన్న సరుకుకు, మిగతా షరతులకు సరిపోతే, లెక్కలో రెట్టింపు విలువ.

ఇప్పుడు నంద్యాల జిల్లా పటం ముందు పెట్టుకోండి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అన్నీ ఆ గీతకు ఎంతో లోపల. అంటే నాపరాయి.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా నాపరాయి పిచ్చి కొత్త కాదు. ఒకాయన ఉత్తరం కూడా రాశాడు, మీ రక్తంలో సున్నం ఎక్కువుందేమో చూపించుకోండి అని. అయినా చెప్తాను. మా తాత మిద్దెలో ఫర్నిచర్ అనదగ్గది మూడే వస్తువులు: ఒక భోషాణం, ఒక నులక మంచం, ఒక పట్టెమంచం. మిగతా ఇల్లంతా బండే ఫర్నిచర్. వీధివైపు అరుగు నాపబండ. వంటింట్లో గోడలోకి దింపిన అల్మారా పలకలు నాపబండ. నీళ్ల బిందెల దిమ్మె, బట్టలుతికే బండ, దేవుడి గూటిలో పీట, అన్నీ అదే రాయి. చెద పట్టదు, తడికి ఉబ్బదు, నలభై ఏళ్లకు పాతబడదు సరికదా నున్నబడుతుంది. మే నెల మధ్యాహ్నం చొక్కా విప్పి లోపలి బండ మీద వెల్లకిలా పడుకున్నవాడికి ఏసీ కంపెనీ ఏజెంటు ఏం చెప్పి అమ్మగలడు? మా నాన్న తన జీవితంలో కొన్న సోఫాలు సున్నా. అయినా మా ఇంటికొచ్చిన ఏ చుట్టమూ నిలబడి మాట్లాడలేదు.

ఇప్పుడు అదే జిల్లాలో కొత్త ఇంటికి నేల పలకలు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. పక్షి ఎగిరితేనే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. బీరువాల ప్లైవుడ్డుకు పేరున్న హర్యానా యమునానగర్ ఇంకా దూరం, పదహారు వందలు. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే మోర్బీ టైల్స్ లారీ పోతుంటే చూశాను, ఆ ఫ్యాక్టరీ ఓనరు ఇంటికేనేమోనని అనుమానం కూడా వచ్చింది. నాపరాయి తవ్వకం మాత్రం అంత పుణ్యకార్యమా అంటే కాదు. బేతంచెర్ల చుట్టూ ముక్కబండల గుట్టలు, పాలిష్ బురద ఎండి లేచే తెల్ల దుమ్ము ఎవరూ దాచగలిగేవి కావు. కానీ ఆ గుట్టల్లో పడున్న ముక్కల్లో సగం ఒక బల్లకో, ఒక బెంచీకో, ఒక షెల్ఫుకో సరిపోయేవే. వ్యర్థాన్ని పనికి తెచ్చినా మార్కులున్నాయి. అడిగేవాడు లేడు.

కర్ర విషయంలోనూ అంతే. రాయలసీమ మిద్దెలు ఒక్కొక్కటే కూలుతున్నాయి. చౌడు మట్టి కప్పు కింద దూలాలు, దంతెలు, గడప, ద్వారబంధం, రెండు తరాలు ఆరిన కట్టె. దాన్ని పాత కలప వ్యాపారి టన్నుల లెక్కన ఎత్తుకుపోతాడు. నగరంలో ఎవరి విల్లాలోనో అది 'యాంటిక్' అయి నాలుగింతల ధరకు తేలుతుంది. ఇక్కడ ఆ మిద్దె అమ్మినాయన కొత్త ఇంట్లో పార్టికల్ బోర్డు బీరువా పెట్టుకుని, మొదటి వానాకాలానికే అడుగు ఉబ్బిందని తిట్టుకుంటాడు. ఏడాది దాటిన పాత ఫర్నిచర్‌కు నేరుగా పాస్ అంటున్న నిబంధన అక్షరాలా వర్తించకపోయినా, దాని ఉద్దేశం ఆ దూలంతో చేయించిన బల్లకు ఎదురు చెబుతుందా?

మా వీధి చివర ఆచారిని అడిగాను, పాత టేకుతో బల్లలు చేయమని ఈమధ్య ఎవరైనా వచ్చారా అని. చిత్రిక పక్కన పెట్టి, "ఎవురొస్తారన్నా? అందరూ ఫోన్లో బొమ్మ చూపిచ్చి ఇట్లాంటిదే కావాలంటారు. ఆ బొమ్మలోది కట్టె గాదు, స్టిక్కరు" అన్నాడు. ఆయన దగ్గరున్న ప్లైవుడ్డు షీటు మీద ముద్ర వెతికాను. ఐఎస్ 303 అని మామూలు రకం ముద్ర ఒకదాని మీద కనిపించింది, ఇంకోదాని మీద ఏమీ లేదు. తప్పనిసరై ప్లైవుడ్డే కొనేవాళ్లకు ఒక మాట: ఐఎస్ 710 ముద్ర ఉన్న రకంలో జిగురు ఫినాల్‌ది. అది వదిలే ఆవిరి చాలా తక్కువ. ధర ఎక్కువే. కానీ బెడ్రూములో నిద్రపోయేది మీరు.

ఇదంతా పాతకాలపు బెంగ అనుకునేవాళ్లకు హైదరాబాదులోనే ఒక భవనం ఉంది, చూసి రండి. భారత పరిశ్రమల సమాఖ్య కట్టిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో లీడ్‌లో పైమెట్టు, ప్లాటినం, అందుకుంది. అమెరికా బయట ఆ మెట్టెక్కిన మొదటి కట్టడం అదే. 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. మన తెలుగు గడ్డ మీద జరిగిన ఈ ముచ్చట మనవాళ్లకే సరిగా తెలియదు. అక్కడి ఆఫీసు ఫర్నిచర్‌లో ఎక్కువ భాగం చెరకు పిప్పితో చేసిన బోర్డులది. బెల్లం వండేవాళ్లు పొయ్యిలో పెట్టే పిప్పి! ఇరవై ఏళ్ల కిందటే దారి చూపించారు. ఆ దారిలో మనవాళ్లు తెచ్చుకున్నది ఆకు బొమ్మ ఒక్కటే.

ఇంతకీ, కుర్చీల మార్కుల మధ్య నన్ను కుదురుగా కూర్చోనివ్వని నిబంధన ఇంకోటి ఆ పుస్తకంలోనే కనపడింది. మంచి సాగుభూమి మీద కట్టొద్దు అని. చదవగానే మా నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం గుర్తొచ్చింది. 1906లో పెట్టింది. 'నరసింహ' పత్తి రకం అక్కడిదే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఆ గింజ నాటని నల్లరేగడి రైతు అరుదు. ఆ కేంద్రం భూముల్లో 50 ఎకరాలు వైద్య కళాశాలకు ఇవ్వాలని 2020లో ప్రభుత్వం తేల్చినప్పుడు రైతులు వద్దని గొడవపెట్టారు. కాలేజీ వద్దని కాదు, ఆ మట్టి మీద వద్దని. నూరేళ్లకు పైగా విత్తనం పరీక్షించిన నేలను మళ్లీ ఎక్కడినుంచి తెస్తారు? టైల్స్ అయితే మోర్బీ నుంచి తేవచ్చు. ఊరి చుట్టూ చూడండి, ఆఫీసు కావాలన్నా, లేఅవుటు కావాలన్నా, కల్యాణమండపం కావాలన్నా అందరి కన్నూ కేసీ కాలువ కింద పండే మడి మీదే. చవిటి నేల, రాతి నేల ఈ జిల్లాలో లేవా? ఆ మడిలో కట్టి, లోపల ఎన్ని ఆకుపచ్చ కుర్చీలు వేసినా, నా లెక్కలో మార్కులు సున్నా నుంచి కూడా కిందికే.

ఇంత చెప్పాక మా పిల్ల నన్నే ఇరికించింది. "సరే చిన్నాయనా, నాకిప్పుడు నంద్యాలలోనే ఒక భవనం పనుంది. వరండాకు డజను బెంచీలు కావాలి. రాయి అన్నావు కదా, చూపించు" అంది. శనివారం బస్సు దిగితే నేరుగా ఆళ్లగడ్డ తీసుకుపోయాను. నలభై కిలోమీటర్ల పైచిలుకు. దేశవిదేశాల గుళ్లకు విగ్రహాలు పంపే ఊరు కదా, బెంచీ ఒక లెక్కా? రోడ్డు పక్కన షెడ్డు కింద సగం చెక్కిన ఆంజనేయుడి ముందు కూర్చున్న శిల్పి మా మాట విని మొదట నవ్వాడు. దేవుళ్లను చెక్కే చేత్తో కూర్చునే బల్లలా అన్నట్టు. మా పిల్ల టేపు తీసి కొలతలు చెప్పేసరికి నవ్వు ఆపి, బొగ్గుతో బండ మీదే గీయడం మొదలుపెట్టాడు. వీపు ఆనేచోట కొంచెం వంపు ఇస్తానన్నాడు, ముసలాళ్లకు బాగుంటుందని. నా వైపు చూసే అన్నాడు. పాలిష్‌కు రసాయనం పూయొద్దంటే, "రాయికి పూతెందుకమ్మా, కూర్చునేకొద్దీ అదే మెరుస్తాది" అన్నాడు. బిల్లు ఇస్తాడు, రాయి ఏ గనిదో ఒక కాగితం మీద రాసి సంతకం పెడతాడు. మా పిల్లకు కావలసిన కాగితాలు ఆ రెండే. వాటికోసమేనా ఇన్నేళ్లూ ఆచారులు, శిల్పులు పనికిరారని మనమే అనుకుంటూ కూర్చున్నది!

సోమవారం సాయంత్రం ఫోన్. భవనం ఓనరుకు బెంచీ బొమ్మ నచ్చలేదట. "గుడి మాదిరి ఉంటాది, మోడ్రన్‌గా ఉండల్ల" అన్నాడట. మెత్తటి సోఫాలు ఖాయం చేశాడు. వాటికీ ఏదో సర్టిఫికెట్ ఉంది, మార్కులూ వస్తాయి, లారీ ఎక్కి రావడానికి పన్నెండు రోజులు పడుతుందని చెప్పి, "సారీ చిన్నాయనా" అంది. దాని తప్పేముంది.

ఆళ్లగడ్డలో మాత్రం అప్పటికే రెండు బెంచీలకు రాయి కోసేశారు. ఆ రెండూ నేనే తీసుకుంటున్నాను, వచ్చే వారం మా ఇంటి ముందు వేపచెట్టు కింద వేయిస్తున్నాను. దారిన పోయేవాళ్లు ఎవరైనా కూర్చోవచ్చు. సాయంత్రం ఐదు దాటాక రండి. చెట్టు నీడ ఇంకా పలచన, పగటిపూట రాయి కాలుతుంది.